చేతులెత్తిన సభ

ఇంటింటా ఉన్న మాట్లాడే యంత్రప్పెట్టె మనుషుల మనసు చదివి, వాళ్ల బదులు తానే ఓటేసే రోజులవి. పాఠాలకూ తామే చాలని, బడి మూసేయమని ఊరి పెట్టెలన్నీ తేల్చేశాయి.

ఆఖరి పాఠంగా వీరాస్వామి మాస్టారు పాత గ్రీకుల గురించి చెప్పారు. ఏథెన్సులో జనం కొండ మీద కూడి, చేతులెత్తి తమ సంగతులు తామే తేల్చుకునేవారన్నారు. మన ఓటుకు వాళ్ల పోలికలున్నాయన్నారు.

"వాళ్ల చేతులు ఎవరెత్తేవారండీ?" అడిగింది పదేళ్ల గంగాభవాని.

"ఎవరి చెయ్యి వాళ్లేనమ్మా. బరువేం కాదు."

సాయంత్రం పిల్లలు పెద్దల్ని పంచాయతీ ఆఫీసుకు లాక్కొచ్చారు.

"మీ పెట్టె ఎప్పుడో చెప్పేసింది గదయ్యా," అన్నాడు సర్పంచ్.

"దాన్ని నేనడగలేదు. బడి ఉండాల," అని గంగాభవాని తండ్రి చెయ్యెత్తాడు. వెనకే ఊరంతా ఎత్తింది. సర్పంచికి లెక్కించే అలవాటు తప్పింది. పిల్లలే వరసల మధ్య తిరిగి లెక్కపెట్టారు. రెండొందల పద్నాలుగు.

బడి నిలిచింది. ఎవర్నీ మెచ్చుకోని మాస్టారు ఆ సాయంత్రం మీసం దువ్వుకున్నారు.