సర్వరూ సర్వర్లే

"మీ తీగ పదహారు అంగుళాలే ఉన్నది. ఫొటో తొలగించడమైనది."

లవోన్ హాస్కెట్ ఫోను బల్ల మీద బోర్లించింది. ఇది నాలుగోసారి.

కాన్సాస్‌లో పాత ముళ్ళతీగలు సేకరించేవాళ్ళ ఆన్‌లైన్ గ్రూపు అది. పద్దెనిమిది అంగుళాల ముక్క అయితేనే తీగ, లేకపోతే తుక్కు. ఆ నిబంధన గ్రూపు పెద్ద వెండెల్ అన్రూ పెట్టాడు. తీగలకున్న ముళ్ళకన్నా అతని నిబంధనలకున్న ముళ్ళే ఎక్కువ. లవోన్ తీగేమో ఆమె తాత స్వయంగా పురి పెట్టింది. లోకంలో మిగిలింది ఆ పదహారు అంగుళాలే. దాన్ని పదిమందికీ చూపించి తాత పేరు చెప్పుకోవాలని ఆమె ఆశ. సాగదీయడానికి అదేమన్నా టీవీ సీరియలా?

శనివారం డైనర్‌లో, కాఫీల దగ్గర, ఆమె తిరుగుబాటు ప్రకటించింది.

"యజమాని లేని చోటికి పోదాం. ఎవరి సర్వరు వాళ్ళింట్లో! ఒకరు పెట్టిన ఫొటో అందరి సర్వర్లలోనూ పడుతుంది. చెరపాలంటే మన ఇరవై మూడిళ్ళలోనూ చెరపాలి. వెండెల్ తరమా?"

"అంటే ఇక పెద్దంటూ ఎవడూ ఉండడా?" అన్నాడు గోధుమ రైతు వర్జిల్ స్టకీ.

"ఉండడు. ఇక సర్వరూ సర్వర్లే!"

"బాగుంది తల్లీ. ఆ డబ్బా బిగించడం మాటేమిటి?"

"అదెంత పని? నాది నేనే బిగించుకుంటా. ఏం, నీకు చేతకాదా?"

"నాకా! ట్రాక్టర్ ఇంజన్ విప్పి బిగించినవాణ్ణి!"

చేతకాదని ఆ బల్ల దగ్గర ఒక్కరూ అనలేదు. జీవితమంతా కంచెలు పోగుచేసిన ఇరవై ముగ్గురూ ఒక్కసారిగా కంచె దూకారు.

డబ్బా వచ్చింది. లవోన్ మూడు రోజులు దాంతో కుస్తీ పట్టింది. తీగలంటే ప్రాణమిచ్చే మనిషికి ఆ తీగలు మాత్రం కొరుకుడు పడలేదు. నాలుగో రోజు పరువు దిగమింగి, తెలిసిన ఒకతనికి ఫోను చేసింది.

"కారు కోళ్ళ షెడ్డు వెనక పెట్టు. పెరటి గుమ్మంలోంచి రా. ఎవరికీ చెప్పకు."

"నేనెందుకు చెప్తాను?" అంటూ వచ్చాడతను. గంటలో పని ముగించాడు. తను కాల్చిన తీపి రూబార్బ్ పై పెడితే, పైపైన కాదు, పళ్ళెం అడుగుదాకా తిన్నాడు.

"పాస్‌వర్డ్ నా దగ్గర ఉంచనా? నీకు మరుపు కదా."

లవోన్ ఒక్క క్షణం తటపటాయించింది. ఉంటే ఏం? తనదొక్కటీ పోయినా మిగతా ఇరవై రెండూ ఉన్నాయిగా!

"ఉంచుకో. ఇంకో ముక్క వేసుకో."

"వద్దులే. ఈ వారం పై మరీ ఎక్కువైంది."

ఆదివారం చర్చి నుంచి రాగానే ఆమె తాత తీగ ఫొటో పెట్టింది. పదహారు అంగుళాలూ, మూడు ముళ్ళూ. ఇరవై రెండు సర్వర్లూ చప్పట్లు కొట్టాయి. "మీ తాతకు జై! ఇక దీన్ని తీసే మొనగాడు పుట్టలేదు!" అని రాశాడు వర్జిల్. లవోన్ కళ్ళు తుడుచుకుంది.

సోమవారం పొద్దున చూస్తే ఫొటో లేదు. వెంటనే వర్జిల్‌కి ఫోను చేసింది.

"నీ దాంట్లో ఉందా?"

"లేదు. అందరికీ ఫోన్లు చేశా. ఇరవై మూడింట్లోనూ ఊడ్చి పారేశారు."

"నీ డబ్బా నువ్వే బిగించుకున్నావు కదూ?"

అవతల వర్జిల్ గొంతు సవరించుకున్నాడు.

"మరి నువ్వో?"

ఇవతల లవోన్ కిటికీలోంచి కోళ్ళ షెడ్డు వైపు చూసింది.

ఆ చుట్టుపక్కల మూడు కౌంటీల్లో సర్వరు బిగించడం తెలిసినవాడు వెండెల్ ఒక్కడే.