పదిహేడో పేజీలో ఒక వాక్యం

“ఒక్క వాక్యం వదినా. పదిహేడో పేజీలో ఆ ఒక్క వాక్యం తీసేస్తే అందరం హాయిగా నిద్రపోతాం.”

“నేను ఇప్పుడూ హాయిగానే నిద్రపోతున్నాను. ఆ జిగురు డబ్బా ఇలా అందుకో.”

మరిది అందించాడు. ఆయన అటవీ మంత్రికి ఆంతరంగిక కార్యదర్శి. ఫైలు పట్టుకుని వరండాలో నడిస్తే గుమస్తాలు లేచి నిలబడతారు. ఈ ఇంట్లో మాత్రం గంట నుంచి, ఎండుటాకులు అంటించిన అట్టల మీద పేర్ల చీటీలు అతికిస్తున్నాడు. అదీ వంకరగా. వదిన వాటిని ఊడదీసి మళ్ళీ సరిగ్గా అతికిస్తోంది.

ఆమె వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైంది. ముప్పై ఏళ్ళుగా ఒకే కొండ మీది అడవిని కొలుస్తోంది. అడవుల సంరక్షణకు చాలా దేశాలు కలిసి పెట్టుకున్న పథకానికి సలహా ఇచ్చే ఐదుగురు స్వతంత్ర నిపుణుల్లో ఆమె ఒకరు. ‘స్వతంత్ర’ అన్న మాట వాళ్ళ నియామకపత్రంలో మూడుచోట్ల ఉంది.

వారం నుంచీ ఇదే వరస. మొదట ఎవరో అధికారి ఫోన్ చేసి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. బాగుందంటే, జాగ్రత్తగా చూసుకోమన్నాడు. తర్వాత ఆమెకిచ్చిన జీపు మరమ్మతుకు వెళ్ళింది. రెండు రోజులకు అదే జీపులో మంత్రిగారి బావమరిది కూరగాయల మార్కెట్లో కనిపించాడు. అవేవీ పనిచేయకపోవడంతో చుట్టరికాన్ని పంపించారు.

“నివేదిక సమావేశంలోనే విప్పాలి కదా. మీ మంత్రిగారు ముందే ఎలా చదివారు?”

“ఆయన చదవలేదు వదినా. నేను చదివి చెప్పాను.”

“అలాగైతే తప్పులేదులే.”

మరిది గొంతు సవరించుకున్నాడు. “మీరు రాసింది అబద్ధమని ఎవరూ అనట్లేదు. కాస్త మెత్తగా రాయమంటున్నారు. ‘ఇప్పుడే ఏమీ చెప్పలేం’ అంటే సరిపోతుంది. మిగతా నలుగురూ అలాగే రాశారు.”

“వాళ్ళు కొండెక్కారా?”

“జీపు వెళ్ళినంతవరకూ వెళ్ళారు.”

“నేను నలభై చోట్ల తాళ్ళు కట్టి, చెట్టుచెట్టుకీ టేపు చుట్టి కొలిచాను. లెక్క తేలాక నేనే నమ్మలేదు. మళ్ళీ వెళ్ళి కొలిచాను. అదే లెక్క. అక్కడే రాతి మీద కూర్చుని ఏడ్చేశాను, తెలుసా?”

మరిది జిగురు డబ్బాకు మూత బిగించాడు.

“మంత్రిగారి సంగతి కూడా ఆలోచించండి. అన్ని దేశాలవాళ్ళ ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడతారు? ప్రసంగం అచ్చయిపోయింది. ఫొటోలతో సహా.”

“చూశాను. ఆ ఫొటోల్లో ఉన్నది మన కొండ కాదు.”

“కొండలన్నీ ఒకేలా ఉంటాయి కదా వదినా.”

“మా పెళ్ళిలో మా చెల్లెల్ని పట్టుకుని వదినా అని పిలిచినవాడివి. నీకు అలాగే ఉంటాయి.”

వంటింట్లోంచి అన్నగారు టీ కప్పులతో వచ్చాడు. మరిది ప్రాణం లేచొచ్చింది.

“అన్నయ్యా, నువ్వైనా చెప్పు.”

“నన్ను లాగకురా బాబూ. పెళ్ళైన కొత్తలో మీ వదిన నా గురించి వాళ్ళమ్మకు ఉత్తరం రాస్తే, ఒక వాక్యం మార్చమన్నాను. ఇంతవరకూ మార్చలేదు.”

“అదీ కొలిచి రాసిందే,” అంది వదిన.

మరిదికి నవ్వు రాలేదు. “పథకం ఆగిపోతే మూడొందలమంది ఉద్యోగాలు పోతాయి వదినా. అందరికంటే ముందు పోయేది నాదే.”

“పోతే ఇక్కడికి వచ్చెయ్యి. చీటీలు అతికించే పని మాత్రం అడక్కు.”

ఇక మిగిలింది ఒక్కటే. మరిది సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఆ కొండ మీదికి వెళ్ళడానికి వదినకు ఏటా ఇచ్చే అనుమతి పత్రం. ఈసారి మంత్రిగారి సంతకం ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

“ఇది నా చేత్తో తేవాల్సి వస్తుందనుకోలేదు,” అన్నాడు తలెత్తకుండా. “వాక్యం తీసేశారంటే సమావేశంలోనే సంతకమైపోతుంది. ఉంచారంటే గేటు దగ్గర మిమ్మల్ని లోపలికి వదలరు. ఇక ఎప్పటికీ.”

వదిన చేతిలో చీటీ మొదటిసారి వంకరగా అతుక్కుంది. ఆమె ఊడదీయలేదు. ఆ కొండ మీద ఏ చెట్టు నంబరెంతో నిద్రలేపి అడిగినా చెబుతుందామె.

“టీ చల్లారిపోతోంది, తాగు,” అంది చివరికి.

సమావేశం రోజు పొడవాటి బల్ల చుట్టూ మైకులు, నీళ్ళ సీసాలు, తలా ఒక పేరు పలక. నలుగురు నిపుణులు వరసగా లేచి, ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు. నాలుగో ఆయన నోరు తెరవకముందే అనువాదకుడు ఆ మాట అనేశాడు. మంత్రిగారు చిరునవ్వుతో తలాడిస్తున్నారు. వెనక కుర్చీలో మరిది. ఒళ్ళో అనుమతి పత్రం, చేతిలో మూత తీసిన కలం.

“మీరేమంటారు?” అని అధ్యక్షురాలు వదినను అడిగింది.

వదిన ఆ కలం వైపు చూసింది. చాలాసేపే చూసింది. తర్వాత కళ్ళజోడు సర్దుకుని పదిహేడో పేజీ తీసి, క్లాసులో ఆఖరి బెంచీకి కూడా వినిపించే గొంతుతో చదివింది:

“ఈ కొండ మీది అడవి తనంతట తానే పూర్తిగా కోలుకుంది, దీన్ని కాపాడటానికి ఇక ఏ పథకమూ అక్కర్లేదు.”