రెండు చేతులకూ పని

"ఇంకో అడుగు వేశావంటే కాల్చేస్తాను, షెరీఫ్!" వరండాలోంచి అరిచాడు వర్జిల్. అతని తుపాకీ గొట్టం తిన్నగా గేటు దగ్గరున్న షెరీఫ్ హార్లన్ గుండెకే గురిపెట్టి ఉంది.

"మర్యాదగా పందిని అప్పగించు. మేయరు గారి గులాబీ తోటంతా మేసేసింది. కాల్చడం నాకూ వచ్చు," అంటూ హార్లన్ రివాల్వర్ తీశాడు.

సరిగ్గా అప్పుడే లుటీ పిన్ని ఇద్దరి మధ్యా మడతబల్ల వాల్చి, కేకులు పేర్చడం మొదలుపెట్టింది.

"పిన్నీ, తప్పుకో! ఇక్కడ ప్రాణాల మీదికొచ్చింది!" అన్నాడు హార్లన్.

"ఊరంతా వచ్చి గోడల చాటున నక్కింది. చర్చి చందా కోసం కేకులు అమ్ముకోడానికి ఇంతకంటే మంచి రోజు దొరుకుతుందా? పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా నువ్వు?"

"లేదు గానీ..."

"ఇదిగో, కేకు పట్టుకో. ఆ చెయ్యి ఖాళీ చేసుకుని కాఫీ కూడా అందుకో. నిండుగా పోశాను, ఒలకబోయకు." అదే ఊపులో ఆవిడ వరండా మెట్లెక్కింది. "నువ్వూ పట్టుకోరా, సన్నాసీ. పందికి పెట్టావో, చూడు!"

హార్లన్ ఒక గుక్క తాగి, గంభీరంగా గొంతు సవరించుకున్నాడు. "వర్జిల్! చేతులు పైకెత్తు!"

"ఎలా ఎత్తను? కాఫీ ఒలికిపోతుంది. నువ్వెత్తు చూద్దాం!"

హార్లన్ తన చేతులకేసి చూసుకున్నాడు. ఒకదాంట్లో పళ్ళెం, ఇంకోదాంట్లో కప్పు. వరండాలోనూ అంతే.

"పిన్నీ... నా రివాల్వర్ ఏదీ?"

పిన్ని కుర్చీలో తీరిగ్గా కూర్చుని గౌను సర్దుకుంది.

"ముందు తినండర్రా. రెండూ నా కుర్చీ కిందే ఉన్నాయి."