రెండేళ్లేనండి

చివరి మడి గట్టు మీద ఎవరో కాలు జారి పడ్డారు.

బెండకాయలు కోస్తున్న అత్త తలెత్తి చూసింది. ఎవరో కొత్తావిడ, యాభై ఏళ్లుంటాయేమో. భుజాన గుడ్డసంచీ, బట్టల నిండా బురద. పడిన మనిషి లేవకుండా, తూము దగ్గరున్న రాతిపలకను చేత్తో తడిమి చూస్తోంది.

అత్త కోత ఆపింది. ఈవిడే అయ్యుంటుంది.

నీళ్ల వంతులు చూసే కాలువ పెద్ద పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి హెచ్చరించి పోయాడు. ఒకావిడ సంచీ తగిలించుకుని ఊరూరా తిరుగుతోందట. కాలువ నీళ్లు ఎన్నేళ్లుగా వాడుతున్నారని అడిగి రాసుకుంటోందట. ఎక్కువేళ్లని చెబితే అన్నేళ్లకూ నీటిపన్ను వేస్తారేమో. కాబట్టి ఊరంతా ఒకే మాట మీద ఉండాలి. రెండేళ్లు.

"నన్నడిగితే?" అంది అత్త.

"నిన్నడక్కుండా పోతుందా? కాలువ ఆఖర్న ఉన్నది నువ్వే కదమ్మా."

సంచీ ఆవిడ బురద కడుక్కుని గట్టు మీద కూర్చుంది. మంచినీళ్లు అడిగి తాగింది. బెండ బాగా కాసిందని మెచ్చుకుంది. ఆ తర్వాత పుస్తకం తీసింది.

"ఈ నీళ్లు ఎన్నేళ్లుగా వాడుతున్నారమ్మా?"

"రెండేళ్లేనండి."

కలం కాగితానికి ఆనించి ఆవిడ ఆగిపోయింది.

"బాగా గుర్తు తెచ్చుకోండి. తొందరేం లేదు."

అత్తకు గుర్తు తెచ్చుకోవాల్సిన పనిలేదు. కొడుకు కడుపులో ఉన్నప్పుడు వేసిన పలక అది. అటు ఆయన, ఇటు తను పట్టుకుని దించారు. నీళ్లు మళ్లించడానికి దాని మీద నిలబడీ నిలబడీ మధ్యలో పాదమంత గుంట పడింది. ఆయన పోయాక ఆ గుంటలో తన పాదమే ఆనుతోంది. ఆ కొడుక్కి ఇప్పుడు ముప్ఫై నాలుగు, లారీ తోలుతున్నాడు.

"రెండేళ్లే" అంది మళ్లీ, బెండ మొక్కల వైపు చూస్తూ.

"ఈ గుంట రెండేళ్లలోనే పడిందా?"

"రాయే అలాంటిదండి."

పక్క సాలులో ఉన్న కోడలు నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సంచీ ఆవిడ నవ్వలేదు.

"నేను పన్ను వాళ్ల మనిషిని కాదమ్మా. తక్కువ చెప్పకండి. మీరు చెప్పిందే నేను రాయాలి. నేను చూసింది రాయకూడదు."

పన్ను వాళ్లు మాత్రం పన్ను వాళ్లమని చెప్పుకుని వస్తారా అనుకుంది అత్త. మూడోసారి అడిగినా అదే జవాబు చెప్పింది.

అప్పుడు రాసుకుందావిడ. వెళ్తూ వెళ్తూ అత్త చేతిలో ఒక కాగితం పెట్టింది. మాట దిద్దుకోవాలనిపిస్తే ఏడాది లోపల ఆ చిరునామాకు ఒక్క ముక్క రాస్తే చాలంది. మలుపు దాకా పోయి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

ఆ కాగితం నాలుగు మడతలై, కుంటుతున్న మంచం కోడు కిందికి చేరింది.

మంచం కుదురుకుంది.

ఏడాదిన్నర గడిచాక ఎగువ తోట ఎవరో కొత్త ఆసామి చేతికి వచ్చింది. కాలువ తన నేలలోంచి పోతోందని, దాన్ని పూడ్పిస్తానని అతను నోటీసు పంపాడు. చివరి మడికి వేరే నీళ్లు లేవు. అత్తకు అన్నం సయించకుండా పోయింది. తెల్లవారగానే పోయి తూములో చెయ్యిపెట్టి నీళ్లున్నాయా అని చూసుకునేది. ఇంటికొచ్చి, గిన్నెలు తోముతూ తోముతూ లేచి మళ్లీ వెళ్లేది.

"మీరలా చూస్తుంటే నీళ్లకే సిగ్గేస్తుందత్తయ్యా" అని కోడలు నవ్వించబోయింది. అత్తకు నవ్వు రాలేదు.

ముగ్గురూ కలిసి పట్నంలో లాయరు దగ్గరికి వెళ్లారు, అత్త, కోడలు, కాలువ పెద్ద.

అంతా విని లాయరు ధైర్యం చెప్పాడు. కొత్త చట్టం వచ్చిందట. పదిహేనేళ్లుగా వాడుకుంటున్న నీటిని ఎవరూ ఆపలేరట. కాగితాలు లేని రైతుల కోసం ఒకావిడ ఊరూరా తిరిగి, ఎవరు ఎన్నేళ్లుగా వాడుతున్నారో వాళ్ల నోటితోనే చెప్పించి పుస్తకం వేసిందట. పక్క ఊరివాళ్లు పోయిన నెల దాని మీదే గెలిచారట.

"మీ ఊరూ ఇందులో ఉంది" అంటూ లావాటి పుస్తకం తీశాడు.

కాలువ పెద్ద కుర్చీ అంచుకు జరిగి చెమట తుడుచుకున్నాడు. పేజీలు తిరుగుతుంటే అత్త పాదం ఆ నున్నటి గచ్చు మీద గుంట కోసం తడుముకుంది.

లాయరు వేలు ఒకచోట ఆగింది.

"చివరి మడి, రెండేళ్లు. ఎవరు చెప్పారిది?"

"నేనే" అంది అత్త.

రాతిపలక సంగతి చెప్పింది. లాయరు ఓపిగ్గా విన్నాడు. దిద్దుకునే గడువు దాటి ఆరు నెలలైందన్నాడు. ఇప్పుడు ముప్ఫై అయిదేళ్లంటే, నోటీసు చూసి మాట మార్చారంటారన్నాడు.

"ఆవిడనే పిలిపిద్దాం. ఆ గుంట ఆవిడ కళ్లారా చూసింది కదా" అన్నాడు కాలువ పెద్ద.

"చూసినా చెప్పదు. జనం చెప్పింది తప్ప ఒక్క ముక్క తను కలపదు కాబట్టే కోర్టు ఈ పుస్తకాన్ని నమ్ముతోంది. ఆ చట్టం కోసం ఆఫీసుల చుట్టూ పన్నెండేళ్లు తిరిగింది కూడా ఆవిడేనండి."

ఇంకేదైనా దారి ఉందేమో పెద్ద లాయరును అడిగి వస్తానని లాయరు లోపలి గదిలోకి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. కాలువ పెద్ద తలెత్తలేదు. కోడలు గడియారం వంక, ఆ తలుపు వంక మార్చి మార్చి చూస్తోంది.

అత్త పుస్తకం దగ్గరికి లాక్కుంది. ఈమధ్యే కోడలి దగ్గర నేర్చుకున్న అక్షరాలు. వేలు పెట్టి ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ మొదటి పేజీలోని అంకితం చదివింది.

"ఎన్నేళ్లని అడిగితే భయపడి తక్కువ చెప్పి, కాలువ చివరి మడి పోగొట్టుకున్న మా అమ్మకు."