ఒంటికాలి నియమం

ఉదయం అచ్చయిన పరిశోధన సాయంత్రానికల్లా ప్రభుత్వ నియమమైపోయే రోజులివి. ఆ నియమాలను ఇళ్లలో అలవాటు చేయించడానికి నర్సులకు శిక్షణ ఇస్తున్నారు. మా ఇంటికి వచ్చిన నర్సు పేరు కిన్నెర. మా నలుగురిచేతా పాటింపజేస్తేనే ఆమెకు సర్టిఫికెట్. గడువు ఆ రోజుతో ఆఖరు.

ఈసారి నియమం ఏమిటంటే, భోజనానికి ముందు రెండు నిమిషాలు ఒంటికాలి మీద నిలబడాలి. షుగర్ తగ్గుతుందట. డెబ్బై దాటినవాళ్లను మాత్రం పక్కనుంచి ఎవరైనా పట్టుకోవాలి. మావారు, పాప, నేను ఎలాగో గట్టెక్కాం. మా అత్తగారు మిగిలారు.

"రండి మామ్మగారూ, నేను పట్టుకుంటాను," అంది కిన్నెర.

"మడిలో ఉన్నానే తల్లీ. కన్నకొడుకునే ముట్టుకోనివ్వను."

"మడి ఎప్పుడు విడుస్తారు?"

"భోంచేశాక."

"నిలబడాల్సింది భోజనానికి ముందండీ!"

"ఆ పరిశోధన చేసినవాళ్ల ఇళ్లలో అత్తగార్లు లేరటే?"

కిన్నెర పరిశోధన పత్రమంతా తిరగేసింది. చేసింది హాస్టల్ కుర్రాళ్ల మీదట; మడి ఊసే లేదు. ఏడుపు మొహంతోనే కూర్చుని సవరణ రాసి పైకి పంపింది: మడిలో ఉన్నవారు నిలబడనక్కర్లేదు. పది నిమిషాల్లో అది రాష్ట్రమంతా అమలైంది.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"పాసయ్యానండీ! రాష్ట్రంలో ఫస్టు!"

"శుభం. మరి గొంతు అలా ఉందేం?"

"సర్టిఫికెట్ చేతికివ్వనంటున్నారండీ. మా ప్రిన్సిపల్ డేవిడ్‌గారు భోజనమయ్యేదాకా మడిలో ఉంటారట."