పదకొండో సీజన్

"ఈ సీజన్ సక్కగ లేదు సారూ," అంది బాలమణి కళ్లు మూసుకునే. తెరిచినా ఆమెకు పెద్ద తేడా లేదు. షుగరు రెండేళ్ల కిందటే చూపు తీసుకుపోయింది.

సెలైన్ మార్చడానికి వచ్చిన నర్సు మనీషా నవ్వింది. "మొగన్ని పట్టుకొని సారంటవేందమ్మా?"

"ఆత్మకూరు కాలేజీల పాఠాలు చెప్పేటప్పుడు అందరు గట్లనే పిలుస్తుండిరి. నేనొక్కదాన్ని పేరు పెడితే బాగుంటదా?"

మనీషా ఫ్యాను ఆమె వైపు తిప్పి వెళ్లింది. ఆ చిన్న పనికే బాలమణి భర్త జయపాల్‌కు కళ్లు చెమర్చాయి.

ఆయన ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఫోను ఒళ్లో ఉంచుకుని మంచం పక్కన కూర్చున్నాడు. ఏళ్లుగా ఇదే వాళ్ల పద్ధతి. అంతరిక్షంలో దారి తప్పిన ఓడ కథ అది, ఇంగ్లీషు సీరియల్. బాలమణికి ఇంగ్లీషు రాదు. ఆయన విని తెలుగులో చెబుతాడు. చూపు పోయాక బొమ్మ కూడా ఆయనే చెబుతున్నాడు. ఆయన నోట పడి ఓడలో వాళ్లంతా పాలమూరు మాటే మాట్లాడతారు, జొన్నరొట్టే తింటారు.

పొద్దున డాక్టరు ఆయన్ను పక్కకు పిలిచాడు గానీ, గొంతు తగ్గించలేదు. డయాలసిస్‌ను ఇక ఆమె ఒళ్లు తట్టుకోదన్నాడు. హైదరాబాద్ తీసుకుపోయినా సూదులు పెరుగుతాయే తప్ప రోజులు పెరగవన్నాడు. "ఇటిక్యాలకు పోదం. మనింటికి," అంది బాలమణి. జయపాల్ విననట్టే బయటికి వెళ్లి, మర్నాడు హైదరాబాద్ వెళ్లడానికి అంబులెన్సు మాట్లాడి వచ్చాడు.

"ఏంది సక్కగ లేనిది?" అన్నాడు ఇప్పుడు.

"మొదట్ల మంచిగుండె. మంచు గ్రహం కథ చెప్పినప్పుడు నా చేతిల ముద్ద చేతిలనే ఉండె. తర్వాత గాడి తప్పింది. ఒక వారం బాగుంటది, ఇంకో వారం నిద్రమబ్బుల రాసినట్లుంటది. మొన్న సచ్చిపోయిన వంటాయన మళ్లొచ్చి రొట్టెలు చేసె!"

"గాయన వేరే వంటాయన."

"పేరొక్కటే గద?"

జయపాల్ గొంతు సవరించుకున్నాడు.

"గది పోనీ," అంది బాలమణి. "ఆ ముసలి పైలటమ్మను ఎన్నిసార్లు బతికిస్తరు? ఏ గ్రహం పోయినా ఒక కొత్త మందు. సూదులు పొడిపిచ్చుకునుడు తప్ప ఆమెకు వేరే పనే లేదాయె. రాసెటోనికి ధైర్యం లేదు."

"ఆమె లేకుంటే కెప్టెన్‌కు ఓడ నడుపుడు రాదు మణీ."

"రాకుంటే నేర్చుకుంటడు. గిన్నేండ్లు పక్కనే కూసున్నడు గద."

ఆయన ఇయర్‌ఫోన్ సర్దుకున్నాడు.

"ఇయ్యాల ఆఖరు భాగమంటివి. చెప్పు."

"ఓడ ఒక ఎర్ర గ్రహం మీద దిగింది. అక్కడ ఒక ఆకు ఉంటదంట. దాని రసం..."

"మళ్లనా?" బాలమణి మొహం గోడ వైపు తిప్పుకుంది.

జయపాల్ ఫోను మీంచి తల ఎత్తాడు. సెలైన్ ఒక్కొక్క బొట్టే రాలుతోంది. ఆమె చేయి నల్లగా కమిలి ఉంది. సూది గుచ్చడానికి ఇక చోటు లేదు.

"ఆగు, ఇంక ఉంది," అన్నాడు మెల్లగా. "ఆకు పనిచెయ్యలే. పైలటమ్మ కెప్టెన్‌ను అడిగింది, ఓడను మా ఊరి దిక్కు తిప్పు అని."

బాలమణి ఇటు తిరిగింది. "తిప్పిండా?"

జయపాల్ ఒళ్లోని ఫోనును బోర్లించాడు. "తిప్పిండు."

"అలిగి తిప్పిండా, మనసుతోని తిప్పిండా?"

"ఏడ్సుకుంట తిప్పిండు."

"ఆమె ఏమన్నది?"

"ఏమనలే. కిటికి పక్కన కూసొని వాళ్ల ఊరి గాలి పీల్చుకుంట..." మాట తెగిపోయింది. ఇయర్‌ఫోన్ తీసేసి, అక్కడే కూర్చుని అంబులెన్సు డ్రైవర్‌కు ఫోన్ చేశాడు. "శ్రవణూ, రేపు హైదరాబాద్ వద్దు బిడ్డా. ఇటిక్యాల పోదం."

బాలమణి తడుముకుంటూ ఆయన చేయి అందుకుంది.

"ఇప్పుడు సక్కగైంది," అంది. "ఆ రాసినాయన సల్లగుండాలె."

ఆ సీరియల్ నిరుడే పదో సీజన్‌తో ఆగిపోయిందని ఆమెకు తెలుసు.