కంపోస్టులో చేప ముల్లు

"ఇదేంటి అమ్మడూ? చేప ముల్లు కాదా? మల్లెమొగ్గా?"

ఎలీసబెతు కర్ర చివర ముల్లు గుచ్చి కంచె అవతలికి చాపింది. పక్కింటి అమ్మడు అమ్మకానికి బయల్దేరబోతూ చేపల తట్ట దించి ముక్కు మూసుకుంది. ఆవిడొక్కతే కాదు, పొద్దున్నుంచీ, తెలుగులో హిందీ కలిసిపోయే ఆ దీవి ఊరు బ్రూక్షాబాద్‌లో, ఆ వీధి వీధంతా ముక్కు మూసుకునే ఉంది. రాత్రి కురిసిన వానకి ఎలీసబెతు పెరట్లో కంపోస్టు కుప్ప నుంచి కంపు గుప్పున లేచింది మరి.

వరండాలో కూర్చున్న ఆవిడ భర్త దేవప్రసాద్‌కి మాత్రం కంపు తెలియడం లేదు. చెవులు రెండూ కంచె దగ్గరే ఉన్నాయి. ఆ ముల్లు ఆయన వేసిందే.

"నా కుప్పలో ఏది వెయ్యాలో, ఏది వెయ్యకూడదో ఈ వీధిలో పసిపిల్లనడిగినా చెబుతుంది," ఎలీసబెతు గొంతు పెంచింది. "తొక్కలు, ఆకులు, టీ పొడి, గుడ్డు పెంకులు ఎన్నైనా వెయ్యి. చేప, మాంసం, నూనె కూరలు మాత్రం ససేమిరా వద్దని చర్చిలో ఆడవాళ్లందరికీ నిలబడి పాఠం చెప్పినదాన్ని నేను! ఇప్పుడు వాళ్లకి నా మొహం ఎలా చూపించను? చేపలమ్మేది నువ్వు. కంచె పక్కనుండేదీ నువ్వే."

"ఓలమ్మో! నానేల ఏత్తాను దీదీ? మా ఇంటికాడ తోకా తలకాయా ఏదీ మిగల్దు, గాలానికి ఎరకని మా ఆయన పడవలో ఎత్తుకుపోతాడు. గంగమ్మతల్లి మీదొట్టు. కసమ్ సే!"

"ఒట్లు నా దగ్గర కాదు. ఇవాళ్టినుంచి నా గుమ్మంలో తట్ట దింపకు. నీ చేప మా ఇంట్లోకి రానే రాదు. బస్!"

ఆ మాట వినగానే దేవప్రసాద్‌కి ప్రాణం లేచొచ్చింది. చేప రాకపోతే శనివారం పులుసు ఉండదు! ఆ పులుసు... ప్రభువా! కొత్త కాపురంలో మొదటిసారి వండి, "ఎలా ఉందండీ?" అని ఆవిడ ఆశగా అడిగితే, "అచ్చం మా అమ్మ వండినట్టే ఉంది" అన్నాడాయన. నిజమే చెప్పాడు. వాళ్లమ్మ పులుసు కూడా ఆయన గొంతు దిగేది కాదు. పాపం, ఆ సంగతి ఎలీసబెతుకి ఏం తెలుసు? ఆనాటినుంచి ప్రతి శనివారం అదే చింతపండు, అవే మెంతులు, అదే చేదు. మొన్నటిదాకా కంచం పెరట్లోకి పట్టుకెళ్లి ముక్క పిల్లికి వేసేవాడు. పిల్లి కూడా భరించలేక ఇల్లు మారింది. అప్పట్నుంచి కంపోస్టే గతి.

నోరు మూసుకుంటే చాలు. ఈ జన్మకి పులుసు పీడ విరగడవుతుంది.

కానీ అమ్మడు తట్ట నెత్తికెత్తుకోబోయి ఆగిపోయింది. "నా బిడ్డకి జొరమొత్తే రేత్రంతా నీ ఒళ్లో ఎట్టుకు కూకున్నావు దీదీ. అలాటి నీ ఇంటికాడ నాను సెత్తేత్తానా?" అంటూ కొంగుతో కళ్లొత్తుకుంది. వీధిలో నలుగురూ నిలబడి చూస్తున్నారు.

ఇక దేవప్రసాద్ వల్ల కాలేదు. రేపు ఆదివారం చర్చిలో కానుకల పళ్లెం పట్టుకుని తిరగాల్సిన సంఘపెద్ద తను. లేచి పెరట్లోకొచ్చాడు.

"ఎలీసబెతూ, ఆవిణ్ణేమీ అనకు. వేసింది నేను."

"ఏది?"

"నీ పులుసులో ముక్క. నాకా పులుసు పడదు. మొదట్నుంచీ పడదు."

ఎలీసబెతు చేతిలో కర్ర జారిపోయింది. అమ్మడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఈసారి నవ్వాపుకోడానికి. "అరే భయ్యా!"

ఎలీసబెతు గబగబా వెళ్లి కంచె మీదుగా అమ్మడి చేతులు పట్టుకుంది. "తప్పయిపోయింది అమ్మడూ. నోరు జారాను, మనసులో పెట్టుకోకు."

"పోన్లే దీదీ, ఛోడో!" తట్ట ఎత్తుకుని, తేలికపడ్డ మనసుతో, నవ్వుకుంటూనే వీధిలోకి సాగిపోయింది అమ్మడు.

పెరట్లో ఇక మిగిలింది మొగుడూ పెళ్లాలు. దేవప్రసాద్ తల వంచుకు నిలబడ్డాడు. తిట్టనీ, ఏడవనీ, గుండెల మీద బరువు మాత్రం దిగిపోయింది.

ఎలీసబెతు మెట్టు మీద కూలబడి, మొహం తుడుచుకుని, "హమ్మయ్య!" అంది.

"హమ్మయ్యేమిటి?"

ఆవిడ ఇటూ అటూ చూసి గొంతు తగ్గించింది. "మీకు ప్రాణమని వండుతున్నాను గానీ, ఆ చేదు నేను మాత్రం ఎలా మింగుతానండీ? నా ముక్క కుప్ప అడుగున దూర్చి, పైన ఇంతెత్తు ఎండాకులు కప్పేదాన్ని. నేనొక్కదాన్నే వేసినన్నాళ్లూ ఈ కుప్ప ఒక్కనాడైనా కంపు కొట్టిందా?"